సున్నా మార్కుల సోదా

"ఈ అయిదు సూట్‌కేసుల్లోనూ బంగారం లేదు సార్," అంది ట్రైనీ అమ్మాయి, మోకాళ్ల మీంచి లేస్తూ.

కస్టమ్స్ శిక్షణ కేంద్రంలో అది ఆఖరి పరీక్ష. తప్పితే ఇంటికి పంపేస్తారు. పొద్దున స్వయంగా బంగారు బిస్కెట్ దాచిన మాస్టారికి నవ్వాగలేదు.

"లేదా? నీకు కనబడలేదను! నేను దాచానంటే బ్రహ్మదేవుడు దిగొచ్చినా దొరకదు. సున్నా!"

"మూడుసార్లు వెతికాను సార్."

"చూడమ్మా, జేబుదొంగ ఒక్కడి కొంప ముంచుతాడు. సుంకం ఎగ్గొట్టి సరుకు దాటించేవాడు దేశం బొక్కసానికే కన్నం వేస్తాడు. అందుకే చట్టం దాన్ని ఆర్థిక నేరమంది. సరుకు ఎవరి దగ్గర దొరికితే వాడే సంజాయిషీ చెప్పుకోవాలి. 'మర్చిపోయానండీ' అంటే కుదరదు!"

అంటూ దర్జాగా ఎర్ర సూట్‌కేసు దొంగ అర తెరిచారు. ఖాళీ. మాస్టారి మొహంలో నెత్తురు చుక్క లేదు. బిస్కెట్ అసలుది. సాయంత్రంలోగా స్టోరుకు అప్పగించకపోతే ఉద్యోగం గోవిందా.

"ఎవడో కొట్టేశాడు! అందరూ ఆ గుమ్మంలోంచి నడవండి!"

అది మెటల్ డిటెక్టర్ గుమ్మం. పదకొండు మంది ట్రైనీలు దాటినా కిక్కురుమనలేదు. వెనకాలే మాస్టారు దాటగానే కుయ్యోమని మొత్తుకుంది.

"దిక్కుమాలిన యంత్రం! టీకి వెళ్లినా ఇదే గోల, భోజనానికి వెళ్లినా ఇదే గోల!"

"మీకొక్కరికే మోగుతోంది సార్," అంది ఆ అమ్మాయి నెమ్మదిగా.

తాళాలు తీసి దాటారు. మోగింది. బెల్టు తీసి, పంట్లాం పట్టుకుని మరీ దాటారు. మోగింది. అమ్మాయి ఆయన చొక్కా జేబు కేసి చూపించింది.

"అది కళ్లజోడు పెట్టె తల్లీ! జోడు నా ముక్కు మీదే ఉందిగా, ఇంక అందులో ఏముంటుంది?"

అంటూనే ఆగిపోయారు. ఎవరికీ అనుమానం రాకూడదని బిస్కెట్‌ను ఆ పెట్టెలోనే పెట్టి దొంగ అరలో దాచారు పొద్దున. తీరా అర మూయబోతూ, 'నా మతి మండ, కళ్లజోడు పెట్టె ఇక్కడ వదిలేస్తున్నానేమిటి!' అని తీసి జేబులో వేసుకున్నదీ తనే.

"మర్చి..." అనబోయి నాలిక కరుచుకున్నారు.

అమ్మాయి అప్పటికే పట్టివేత పత్రం తీసి, పెన్ను మూత విప్పింది.

"నిందితుడి పేరు ఇంటిపేరుతో సహా రాయాలా సార్?"

"రాయి తల్లీ. నీకు వందకి వంద. కాకపోతే వృత్తి అన్నచోట మాత్రం మాస్టారని రాయకు, పరువు పోతుంది."