పడమటి కల్లం

రాడార్లు మబ్బును రెప్పపాటుకోసారి జల్లెడ పట్టే రోజులొచ్చాక, ఎవరి కల్లంలో చినుకు పడుతుందో చెవిలోని బిళ్లే చెప్పేస్తోంది. వానొస్తుందంటే పట్టలు పట్టుకుని అందరూ పరుగెత్తడం, గాలివాన పడమర నుంచి వస్తుంది గనుక ముందు పడమటి కల్లంలో మిరపకాయలు కప్పి, ఆ తర్వాతే తమవి చూసుకోవడం ఊరు మరిచిపోయింది.

ఆ మధ్యాహ్నం పడమటి కల్లంలో ఆదెమ్మ తాలుకాయలు ఏరుతుంటే బిళ్ల పలికింది: “వడగళ్ల వాన. మీ కల్లంలో పడదు. పక్క కల్లంలో పడుతుంది.”

పక్క కల్లం మస్తాన్‌బీది. దాని చెవిలోనూ బిళ్ల ఉందిగా అనుకుని ఆదెమ్మ కదల్లేదు.

మబ్బు కమ్మింది. మస్తాన్‌బీ తనకున్న ఒక్క పట్టనూ ఈడ్చుకుంటూ పరుగున వచ్చింది.

“కూర్చున్నావేంది వదినా! ఆ కొస పట్టుకో. నా బిళ్ల పొద్దుటి నుంచి పలకట్లా. మబ్బును చూసే వచ్చినా.”

అప్పుడైనా చెప్పాల్సింది. చెబితే, తెలిసీ కూర్చున్నానని ఒప్పుకున్నట్టే. ఆదెమ్మ వంగి కొస పట్టుకుంది.

పట్ట పరిచేసరికి గట్టుకు అవతల వడగళ్లు టపటపా రాలాయి. మస్తాన్‌బీ పరుగెత్తి వెళ్లేలోపే ఆమె ఎర్రటి రాశి తడిసి ముద్దయింది. ఇవతల ఒక్క చినుకు లేదు.

“పోనీలే, నీయన్నా దక్కినయ్” అంటూ తిరిగొచ్చిన మస్తాన్‌బీ, పొడిగా ఉన్న పట్టను చూసింది. తర్వాత ఆదెమ్మ చెవి వంక చూసింది.

ఆదెమ్మ కొంగును చెవుల మీదికి లాక్కుంది.