నొప్పి పోయిన పన్ను

“బావా, నొప్పి పోయింది!”

పొద్దున్నే సుహాసిని వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి, అత్త చూస్తోందని కూడా మరిచి, ఉమాశంకర్ మెడ పట్టుకుని ఊగింది.

కొత్త కాపురానికి వచ్చిన దగ్గర్నుంచి ఆ దవడ పన్ను ఆమెను నిద్రపోనివ్వలేదు. నిన్న పన్ను పురుగులు తీసే తాతమ్మ వీధిలోకి వస్తే అత్త ధనలక్ష్మి పిలిచింది. తాతమ్మ నిప్పుల మీద వాకుడు గింజలు చల్లి, గొట్టంతో పొగ నోట్లోకి పట్టి, పళ్ళెం నీళ్లలో తెల్లటి పురుగుల్ని చూపించింది.

“ఐసు ముక్క నమిలి చూశాను. జిల్లుమనలేదు!”

“అయితే సాయంత్రం కళింగపట్నం బీచ్. మొక్కజొన్న పొత్తు నీకే.”

కాల్చిన పొత్తు వాసన అప్పుడే ముక్కుకు తగిలినట్టయింది సుహాసినికి.

గేటు చప్పుడైంది. భుజాన తువ్వాలుతో ఒక ముసలాయన.

“తల్లీ, నిన్న పన్నుకి పొగ పట్టించుకున్నాది నువ్వేనా? నొప్పి తగ్గిందేటి?”

“పూర్తిగా పోయింది తాతా!”

ఆయన ముఖం వాడిపోయింది.

“సల్లటిది తగిలితే తెలస్తందా?”

“అస్సలు తెలీట్లేదు.”

“అయ్యో తల్లీ! అంత సలిపిన పన్ను ఒక్కపాలి ఊరుకుందంటే లోపల నరం సచ్చిపోయినట్టేనంట. ఇంక కుళ్ళు కిందికి దిగతాదంట. డాట్రుబాబు సెప్పినాడు. సిక్కోలు ఎల్లు. రూట్ కెనాల్ సేస్తారు. పన్ను పీకరు. లోపలి కుళ్ళు తీసి, కడిగి, మూసేస్తారు. ఈయేలే ఎల్లు.”

ఉమాశంకర్ నవ్వాడు.

“ఏ ఆస్పత్రి బ్రోకరువి తాతా? నొప్పి ఉన్నప్పుడు రాలేదేం?”

“నొప్పి పోనాకే బాబూ బయ్యం...”

“ఒరే ముసిలోడా! కొత్తకోడలు నవ్వతంటే సావు మాటలేటి నీకు?” ధనలక్ష్మి చీపురు అందుకుంది.

ఉమాశంకర్ ఆయన్ని భుజం పట్టి గేటు బయటకు నెట్టాడు.

ముసలాయన తూలి నిలదొక్కుకుని, కింద పడ్డ తువ్వాలు దులుపుకున్నాడు.

“కొట్టినా పర్నేదు బాబూ. దవడ వాస్తే మాత్రం ఆగకండి.”

ఆ సాయంత్రం సముద్రం ముందు సుహాసిని పొత్తు కొరికింది. పంతానికి ఆ దవడతోనే.

పక్షం తిరక్కుండానే దవడ కింద వాచింది. “ఎదురుగాలికి వాసుంటాది,” అని ధనలక్ష్మి పసుపు పట్టు వేసింది.

తెల్లారేసరికి వాపు మెడకు దిగింది. ఉమ్మి మింగుడు పడలేదు. ఊపిరి అందలేదు.

శ్రీకాకుళంలో మెడ కోసి చీము తీశారు. పన్ను పీకేశారు.

“నొప్పి పోయిన రోజే వచ్చుంటే రూట్ కెనాల్‌తో పన్నూ దక్కేది, ఈ కోతా తప్పేది,” అన్నాడు డాక్టరు.

సుహాసిని అద్దం అడగలేదు. మెడ మీది కట్టు తడుముకుంటూ, “ఆ తాతని వెతుకు బావా,” అంది.

చివరికి ముసలాయన ఉమాశంకర్‌కి కోటబొమ్మాళి స్టేషన్లో కనిపించాడు. నుదుటి మీద కొత్త దెబ్బ. మరో గేటు దగ్గర తగిలింది కాబోలు.

“తాతా, నన్ను క్షమించు.”

“పిల్ల బతికిందా?”

“బతికింది.”

ముసలాయన రెండు చేతులూ జోడించాడు.

అప్పుడే రైలు దిగిన ఒక ఆడమనిషి నేరుగా వచ్చి ఆయన పక్కన కూలబడింది. చంకలో నిప్పుల కుండ, పొగ గొట్టం.

తాతమ్మ!

“మావా, సీపురుపల్లిలో ఒక కొత్త పెళ్లికూతురికి తీసినాను. మన గౌరి నవ్వినట్టే నవ్వినాది.”

“ఏ ఈదిలోనే?”

“టేసను ఎనక. నీలం గేటు ఇల్లు.”

ఆమె ముఖం కడుక్కోవడానికి కుళాయి వైపు వెళ్ళింది.

ఉమాశంకర్ ఒళ్ళు మండింది. “నీ పెళ్ళామా? అన్నీ తెలిసి ఆపవేం?”

ముసలాయన కుళాయి వైపే చూస్తున్నాడు.

“మా కూతురు గౌరికీ పొగ పట్టింది అదే బాబూ. నొప్పి పోనాదని ముగ్గురం పండగ సేసుకున్నాం. నిజం డాట్రుబాబు నాకొక్కడికే సెప్పినాడు. పిల్ల జొరంతో పోనాదనే అది అనుకుంటంది నేటికీ. ఆపాలంటే, పిల్ల నీ సేత్తోనే పోనాదని దానికి సెప్పాల.”

తువ్వాలు నుదుటికి కట్టుకుని మెల్లగా లేచాడు.

“ఈయేల అది సీపురుపల్లి ఎల్లొచ్చినాది. రేపు నేనెల్తాను.”