బామ్మ వంటింట్లో చక్కెర

"షరతు ఒక్కటే. చక్కెర ఎక్కడుందో ఎవరూ చెప్పకూడదు," అంది బామ్మ.

మనవరాలి గుండె జారిపోయింది. ఆ వంటింట్లో చక్కెర వెతకడమంటే మాటలు కాదు.

బామ్మ ఖాళీ డబ్బాని పారేసిన చరిత్ర లేదు. కడిగి, ఎండబెట్టి, చేతికి ఏది దొరికితే అది అందులో పోసేస్తుంది. లేబుల్ మాత్రం పీకదు. పీకితే డబ్బా బోసిపోతుందట. అందుకని ఆ ఇంట్లో కాఫీ సీసాలో గుండీలుంటాయి. బిస్కెట్ల డబ్బాలో సూదీ దారం, తేనె సీసాలో తలనూనె, పాలపొడి డబ్బాలో బట్టల సోడా ఉంటాయి. 'చక్కెర' అని ఇంతింత అక్షరాలున్న పింగాణీ జాడీలో ఉప్పు. పైన పటారం లోన లొటారం అనే మాట ఆ అరల్ని చూసే పుట్టిందని ఇంటి అల్లుళ్ళ అనుమానం.

ఆ ఇంటికి అల్లుడిగానో కోడలిగానో రాబోయేవాళ్ళెవరైనా సరే, ఆ వంటింట్లో ఒంటరిగా టీ పెట్టి తీరాలి. అక్క భర్త, పళ్ళ డాక్టరు, పింగాణీ జాడీని నమ్మాడు. పరువు కోసం ఆ ఉప్పు టీ తనే నవ్వుతూ తాగాడు. బడిలో పాఠాలు చెప్పే వదిన పాలపొడి డబ్బాని నమ్మింది. టీ నురుగెత్తి పొంగి పొయ్యి ఆరిపోయింది. అయినా ఇద్దరి పెళ్ళిళ్ళూ ఆగలేదు. వాళ్ళ విషయంలో అది సరదా.

ఈసారి మాత్రం సరదా కాదు.

మనవరాలు చేసుకుంటానంటున్న అబ్బాయి రేడియోలో పొద్దున్నే కబుర్లు చెబుతాడు. అతని గొంతు వినిపించనిదే బామ్మ మంచం దిగదు. కానీ గొంతు వేరు, మనవరాలి భర్త వేరు.

"అబ్బాయి బంగారం, కాదనను. కానీ నువ్వు లిఫ్టులు బాగుచేస్తానంటూ ఊళ్ళు పట్టుకు తిరుగుతావు. నువ్వు లేని రోజున ఓ కప్పు టీ అయినా పెట్టుకోగలడా? అది నా కళ్ళతో చూస్తేనే సరేనంటాను," అంది బామ్మ.

ఆవిడ సరేననకపోతే ఆ ఇంట్లో ఏ పెళ్ళి మాటా గడప దాటదు.

సాయంత్రం మనవరాలూ అబ్బాయీ చెయ్యీ చెయ్యీ పట్టుకుని మెట్లెక్కారు.

"అప్పుడే చేతులు పట్టేసుకున్నారే," అన్నాడు డాక్టరు బావ. మనవరాలు వెళుతూ వెళుతూ అతని కాలు తొక్కింది.

బామ్మ అబ్బాయిని వంటింటి గుమ్మం దాకా తీసుకెళ్ళి నిలబెట్టింది. "ఎడంపక్క పొయ్యి. కుడిపక్క ఫ్రిజ్జు, అందులో పాలు. ఎదురుగా అరలు. మిగతాది నువ్వే చూసుకో."

"డబ్బాలెన్ని ఉన్నాయి బామ్మగారూ?"

"ఎన్ని ఖాళీ అయితే అన్ని, నాయనా."

"ఏమ్మా మరదలు పిల్లా, సైగలు చేస్తే ఒప్పుకోం," అన్నాడు బావ.

"చేసుకోనివ్వవయ్యా, నీకేం నష్టం," అంది బామ్మ. బావ నాలుక కరుచుకున్నాడు.

అబ్బాయి చొక్కా చేతులు పైకి మడుచుకుని అరల మీద పడ్డాడు. నేరుగా పింగాణీ జాడీయే చేతికి తగిలింది. అతను జాడీని చెవి దగ్గర ఊపి, పక్కన పెట్టేశాడు.

"రేడియో బుద్ధి ఎక్కడికి పోతుంది," అన్నాడు బావ.

కాఫీ సీసా గలగలమంది. "గుండీలేనా?" అని తనలో తనే నవ్వుకున్నాడు. పాలపొడి డబ్బా మూత తీసి, వాసన చూసి, గట్టిగా తుమ్మాడు. తర్వాత మాత్రల సీసా. దాన్ని వాసన చూసి పొయ్యి పక్కన పెట్టుకున్నాడు. టీపొడి అందులోనే ఉంది. బామ్మ కుర్చీలో ముందుకి జరిగింది.

చివర్న, పై అర మూలనున్న రేకు డబ్బా దగ్గరికి వచ్చాడు. పక్కింటివాళ్ళు ఇల్లు మారుతూ ఇచ్చిపోయిన కుక్క బిస్కెట్ల డబ్బా అది. దానిమీద నాలుక బయటపెట్టిన బొచ్చుకుక్క బొమ్మ. ఆ ఇంట్లో ఏనాడూ కుక్క లేదు. చీమలకి చదువు రాకపోయినా పిల్లలకి వచ్చు కదా అని బామ్మ చక్కెర అందులో దాస్తుంది. ఇంతవరకూ ఆ డబ్బా జోలికి పోయిన వీరుడు పుట్టలేదు.

అతను ఊపాడు. ఆగాడు. మళ్ళీ ఊపాడు. మూత తీసి, చిటికెడు నోట్లో వేసుకున్నాడు.

"రామరామ," అని బావ కళ్ళు మూసుకున్నాడు.

టీ తయారైంది. మనవరాలు ట్రే అందుకుంది. బామ్మ ఒక గుక్క తాగి, చప్పరించి, కప్పు దించింది.

"చక్కెర ఎక్కువైంది."

బావ నోటి దాకా తెచ్చిన కప్పుని ఆపేశాడు.

"ఎక్కువే ఉండాలి. శుభవార్త చెప్పబోతున్నాం కదా," అంది బామ్మ.

మనవరాలికి నేల మీద కాళ్ళు ఆనలేదు. ఆనందం పట్టలేక వెళ్ళి బావ వీపు మీద ఒక్కటి చరిచింది. అతని టీ సగం చొక్కా మీదికొచ్చింది.

"అది కాదయ్యా," అన్నాడు బావ చొక్కా తుడుచుకుంటూ, "అంతలావు కుక్క బొమ్మ ఉంటే ఎలా నోట్లో వేసుకోబుద్ధయింది నీకు?"

"కుక్క బొమ్మ ఉందా? నాకెవరూ చెప్పలేదే," అన్నాడు అబ్బాయి.

బామ్మ పడీపడీ నవ్వుతూ లేచి, తలుపు మూల ఆనించి ఉన్న అతని తెల్లకర్రని మడిచి, గుమ్మం పక్కన ఓ ఖాళీ బిస్కెట్ల డబ్బాలో భద్రంగా నిలబెట్టి, "దీని చోటు ఇక ఇదే నాయనా, ఈ ఇంట్లో చూపున్నవాళ్ళకే కష్టం," అంది.