చూపుకో సీతాకోకచిలుక

వెలుగుతున్న గాజుబల్ల మీద ఒక పిల్ల మోకాళ్ల మీద కూర్చుని, ఎవరూ లేని చోటికి బిస్కెట్ చాపి నవ్వుతోంది.

ఫోటో అది. కింద సెట్‌లో తీసిన రీలులోని ఒక్కో బొమ్మనూ పెద్ద కాగితం మీద అచ్చువేసి మేడ మీదికి పంపుతారు. దాని మీద పల్చటి కాగితం పరిచి, ఆ ఖాళీలో ఉడుతను గీయడం ఆర్డిస్ పని.

ఉడుత పిల్లతో కబుర్లు చెబుతుంది, అలుగుతుంది, బిస్కెట్ లాక్కుంటుంది. సినిమా క్రిస్మస్‌కి రావాలి. స్టూడియో ఉన్న బర్బాంక్ ఊళ్లో అప్పుడే ఎండలు తగ్గుముఖం పట్టాయి.

ఆర్డిస్ కాగితాలు వరసగా తిప్పి చూసింది. మళ్లీ చూసింది.

ఉడుత తల ఎంత ఎత్తులో ఉంటుందో, పుల్లకు గుచ్చిన ఎర్ర బంతితో పిల్లకు ముందే చూపిస్తారు. బంతి తీసేశాక కూడా పిల్ల అక్కడే చూడాలి.

ఫోటోలోని పిల్ల కోరిన్ అక్కడే చూస్తోంది. కానీ నోరు తెరిచే ముందు ప్రతిసారీ ఆ కళ్లు పైకి లేస్తున్నాయి. ఉడుత తల మీదుగా, కెమెరా పక్కకి.

నవ్వు మాత్రం కదలడం లేదు.

మధ్యాహ్నం శాండ్‌విచ్ చేత్తో పట్టుకుని ఆర్డిస్ సెట్‌లోకి దిగింది.

కెమెరా పక్కన పిల్ల తల్లి మిసెస్ గాంట్రీ నిలబడి ఉంది. చేతులకు లేత నీలం గ్లవ్స్. కూతురి మాటలన్నీ తానూ పెదవులతో పలుకుతోంది.

కోరిన్ ఒక మాట దగ్గర తడబడింది.

"ఒక్క నిమిషం, డైరెక్టర్ గారూ" అంది మిసెస్ గాంట్రీ తియ్యగా. "మా బంగారానికి కాసిని నీళ్లు పట్టించి తీసుకొస్తాను."

తల్లీ కూతురూ తెర వెనక్కి వెళ్లారు. సెట్‌లో అందరికీ ఉన్నట్టుండి పనులు గుర్తొచ్చాయి. ఒకడు శుభ్రంగా ఉన్న లైటునే తుడిచాడు.

తిరిగొచ్చాక మేకప్ ఆవిడ పిల్ల మోచేతి పైన పౌడర్ అద్దింది.

"ఏమైంది?" అడిగింది ఆర్డిస్.

"నీ పని మేడ మీద కదా తల్లీ" అంది ఆవిడ తలెత్తకుండా.

ఈసారి కోరిన్ ఒక్క మాటా తప్పలేదు.

బొమ్మల విభాగం పెద్ద మెల్విన్. ఆర్డిస్ కాగితాలన్నీ తీసుకెళ్లి అతని ముందు పెట్టింది.

"పిల్ల చూపు ఉడుత మీద లేదు."

"మరెక్కడుంది?"

"వాళ్లమ్మ మీద."

మెల్విన్ నోట్లోంచి పైపు తీశాడు. కాగితాలు తిప్పాడు.

"సరే, చూపు కుదరలేదు, మళ్లీ తీయండని చెబుదాం. తీస్తారు. తీసే ముందు ఆ తల్లిని పిలిచి, మీ అమ్మాయి వల్లే ఇదంతా అంటారు. ఆ తర్వాత సంగతి నువ్వు చెప్పు."

ఆర్డిస్ కాగితాలు తన దగ్గరికి లాక్కుంది.

"పైన ఏదో ఒకటి ఎగరెయ్యి. ఈగో, తుమ్మెదో. దాన్నే చూస్తోందనుకుంటారు."

ఆర్డిస్ పసుపు సీతాకోకచిలుకను గీసింది. పిల్ల కళ్లు లేచినప్పుడల్లా అది ఉడుత నెత్తి మీద ఎగురుతుంది. ఉడుత దాన్ని తోకతో తోలబోయి బోర్లా పడుతుంది.

భయంతో పెద్దవైన కళ్లు ఇప్పుడు ఆశ్చర్యంతో పెద్దవైనట్టున్నాయి.

అంత చక్కగా కుదిరిందని చూశాక ఆ సాయంత్రం ఆమెకు భోజనం సయించలేదు.

సినిమా మొదటి ఆటకు పిల్లలు కుర్చీల్లోంచి జారిపోయేలా నవ్వారు. సీతాకోకచిలుక వచ్చిన ప్రతిసారీ నవ్వారు.

ఆట అయ్యాక మెట్ల దగ్గర మిసెస్ గాంట్రీ ఆర్డిస్ చెయ్యి పట్టుకుంది.

"ఆ సీతాకోకచిలుక నీదేనటగా. మా పిల్ల ఆ చూపులకే అందరూ పడిపోతున్నారమ్మా. ఇంకో సినిమాకి అడిగారు. కోరిన్, ఆంటీకి చెప్పు, ఎలా ఉందో."

కోరిన్ ఆర్డిస్ వైపు చూసింది.

"అప్పుడు అక్కడ అది లేదు."

"ఉంది" అంది తల్లి నవ్వుతూనే. "నువ్వు చూశావు కదూ?"

పిల్ల కళ్లు పైకి లేచాయి.

"చూశాను" అంది కోరిన్. "చాలా బాగుంది."

ఆర్డిస్ కాస్త వంగి, "థాంక్యూ కోరిన్" అంది.