మూడో దొంతర

"నెలాఖరు దాకా చూస్తాను," అంది టైలరమ్మ, నోట్లోంచి గుండుసూది తీసి. "ఈలోగా మీకు ఉద్యోగం వస్తే సరే. లేదా, ఆ గోడ నాది."

ఆ గోడ నిండా ఆవిడ భర్త కొన్న పాటల రికార్డులు. నాలుగు వందల పన్నెండు. అవి కదిలితే అక్కడ రెండో కుట్టుమిషను పడుతుంది. రెండో మిషను పడితే ఇల్లు గడుస్తుంది. ఇందులో అర్థం కానిదేం లేదు. ప్రూఫ్ రీడరైన ఆ భర్తకే మింగుడు పడలేదు.

పందొమ్మిదేళ్లు తప్పులు దిద్దిన ప్రెస్సు మూతపడి అప్పటికి నాలుగు నెలలు. పొద్దున పూట ఉద్యోగాలకి అర్జీలు రాసేవాడు. మధ్యాహ్నం రికార్డులు ముందేసుకునేవాడు. అర్జీలకి జవాబు రాకపోవడంలో వింతేమీ లేదు. ప్రతి ఉద్యోగ ప్రకటనలోనూ అచ్చుతప్పులు ఏరి, అర్జీ చివర "గమనిక" అని రాసి మరీ పంపేవాడు.

"వాళ్ల తప్పులు వాళ్లకే చూపించి, పైగా జీతం కూడా అడుగుతారా?" అనేది భార్య.

"సాయం చేశాను. అది కూడా నేరమేనా?"

గడువు పెట్టాక మాత్రం అతనిలో చలనం వచ్చింది. రికార్డులు ఏరడానికి కూర్చున్నాడు. మూడు దొంతరలు: ఉంచుకోవాల్సినవి, ఇచ్చెయ్యాల్సినవి, ఆలోచించాల్సినవి. వారం తిరిగేసరికి మొదటి దాంట్లో ముప్ఫై చేరాయి. రెండో దాంట్లో ఒకే ఒక్కటి, అదీ పొరపాటున రెండుసార్లు కొన్నది. మూడో దొంతర నడుం ఎత్తుకి వచ్చింది.

పాటలంటే అతను చెవి కోసుకుంటాడని వీధిలో అందరికీ తెలుసు.

"మీరు చెవి కోసుకున్నా వచ్చే నష్టమేం లేదులెండి," అని భార్య నవ్వేది.

కింది వాటా ముసలావిడ మాత్రం అతన్ని వెనకేసుకొచ్చేది. "అన్ని పాటలున్న మనిషి ఎంత మర్యాదస్తుడమ్మా! ఇన్నేళ్లలో ఒక్కపూటైనా గోల అనిపించాడా?"

నిజమే, అతనిదంతా ఓ పద్ధతి. చేతులు కడుక్కుని, కళ్లజోడు తుడుచుకుని, కిటికీ పక్కన కూర్చునేవాడు. ఒక్కో రికార్డుకీ నోటుబుక్కులో ఒక్కో పేజీ. "వేణువు. రెండో వైపు మూడోది, అయిదు నిమిషాల ఇరవై సెకన్లు. తొందరపడే మనిషి కాదు," అని రాసుకునేవాడు.

"ఏమోయ్, కాస్త మిషను ఆపుతావా? మనసు నిలవట్లేదు."

"మీ మనసు నిలిస్తే నా చొక్కాలు నిలిచిపోతాయి. రేపిస్తానని చెప్పాను," అంటూనే ఆపేది. పాపం, ఆ మాత్రం ప్రేమ ఉంది.

"అయినా ఇన్ని కొనే బదులు ఒక్క..." అని ఆవిడ ఎప్పుడు మొదలుపెట్టినా ఒకటే జవాబు.

"రికార్డు దొరికినప్పుడే కొనాలి. మిగతావి ఎప్పుడైనా కొనుక్కోవచ్చు."

నెలాఖరు వారం ఉందనగా ఒక పిలుపు వచ్చింది. ఊళ్లోని లైబ్రరీకి ఎవరో పెద్దమనిషి పోతూ పోతూ ఎనిమిది వేల పాత రికార్డులు రాసిచ్చి పోయాడట. వాటన్నిటికీ జాబితా తయారుచెయ్యాలి. మర్నాడు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వెళ్లాడు.

"మా ప్రకటనలో నాలుగు తప్పులున్నాయని రాశారు," అంది లైబ్రరీ మేడం, అతన్ని ఎగాదిగా చూస్తూ.

"అయిదండీ. ఒకటి తర్వాత కనిపించింది."

ఉద్యోగం అక్కడితో సరి అనుకున్నాడు. ఆవిడ మాత్రం బీరువాలోంచి ఒక రికార్డు తీసి అతని ముందుకి తోసింది. అతను దాన్ని ముట్టుకోనైనా లేదు. వయొలిన్ ఎవరిదో, పక్కన వాయించింది ఎవరో, ఏ వైపు ఎన్ని ఉన్నాయో, ఒక్కోటీ ఎంతసేపో గడగడా అప్పజెప్పాడు.

"నీలం అంచు కాబట్టి ఇది మొదటిసారి అచ్చయినది. ఇందులో పక్కవాద్యం ఆయన పేరు తప్పు పడింది. ఎర్ర అంచుదాంట్లో దిద్దారు."

మేడం వెనక్కి తిప్పి చూసింది. కళ్లజోడు తీసి, మళ్లీ పెట్టుకుని చూసింది.

"దీన్ని ఎన్ని వందలసార్లు విని ఉంటారండీ!"

అతను తల దించుకున్నాడు. వినయం కూడా ఉందని మేడం ముచ్చటపడింది.

ఒకటో తారీకు నుంచి రమ్మని కాగితం చేతిలో పెట్టింది. అందులోనూ ఒక తప్పుంది. జీవితంలో మొదటిసారి చూసీ చూడనట్టు ఊరుకున్నాడు.

మెట్లు రెండేసి చొప్పున ఎక్కుతూ ఇంటికొచ్చాడు. మిషను చప్పుడు లేదు. గోడ దగ్గరి మూడో దొంతర ఓ పక్కకి జరిగి ఉంది. అది ఉన్న చోట ఒక చిన్న బల్ల, దాని మీద పూలగుడ్డ కప్పిన వస్తువేదో. రెండో మిషనే అనుకున్నాడు.

"ఇంకా ఆరు రోజులుంది కదా! అప్పుడే తెచ్చేశావా?"

"తెచ్చేశాను. రెండో మిషనుకని దాచిందంతా ఊడ్చిపెట్టుకుపోయింది. ముందు ఉద్యోగం సంగతి చెప్పండి."

"వచ్చింది," అన్నాడు ఏడుపుమొహంతో.

"నాకు తెలుసు. మీకు కాక ఇంకెవరికిస్తారు?"

"మరి ఉద్యోగం వస్తే గోడ జోలికి రానన్నావు! మాటంటే మాటే కదా!"

టైలరమ్మకి నవ్వు ఆగలేదు. దొంతరలోంచి వేణువు రికార్డు వెతికి తీసి అతని చేతుల్లో పెట్టింది.

"ఇరవై రెండేళ్లుగా అట్టలు చదివింది చాలు," అంది ప్లేయరు మీది గుడ్డ లాగేస్తూ, "ఈ ఇంట్లో ఇవాళ మొట్టమొదటిసారి ఒక్క రికార్డు విందాం."