నాలుగు శుక్రవారాల చీర

"కాస్త దీనంగా చూడు వీరమ్మా. నువ్వలా నవ్వుతుంటే ఇక నేనిచ్చేదేంటి, నువ్వు పుచ్చుకునేదేంటి?"

కాన్వెంటు గేటు ముందు చీర ప్యాకెట్టు చాపి నిలబడి లూర్దుకుమారి విసుక్కుంది. స్కూలు ఆయా వీరమ్మ నవ్వు మానేసి, రెండు చేతులూ పట్టి, మెడ ఓ పక్కకి వాల్చింది. నాలుగో శుక్రవారం కదా, బాగానే అలవాటైంది. డ్రైవర్ తాతాజీ ఫోన్లో ఫోటో తీశాడు.

"బాగా వచ్చింది. చీర ఇటిచ్చెయ్."

"ఈసారి కూడానాండీ?"

"ఫాల్ లేకుండా ఎలా కడతావ్? వేయించి ఇస్తాలే."

ప్యాకెట్టు మళ్ళీ కారెక్కింది. వారానికో రంగు కాగితం చుట్టుకుంటోంది గానీ లోపలున్నది అదే గంధం రంగు చీర. ఫోటో మాత్రం పూర్వ విద్యార్థినుల వాట్సాప్ గ్రూపుకి పోయింది. కింద "మన వీరమ్మకి ఈ వారం మరో చిన్న కానుక" అని రాసి, రెండు చేతులు జోడించిన బొమ్మ కూడా పెట్టింది. చెప్పొద్దూ, వినయంలో ఆవిడకి ఎవరూ సాటిరారు.

ఇంత అవస్థా త్యాగాల డబ్బా కోసం. ఈస్టర్‌కి ముందొచ్చే తపస్సుకాలంలో చేసిన మంచి పని చీటీ మీద రాసి, పేరు రాయకుండా ఆ డబ్బాలో వేయడం ఈ బడిలో చదివిన ప్రతి పిల్లకీ సిస్టర్ అగాత నేర్పిన అలవాటు. ఈస్టర్ తర్వాత పూర్వ విద్యార్థినులంతా కలిసినప్పుడు సిస్టరు ఒక్క చీటీ ఎంచి చదువుతారు. అది రాసినావిడ తనే లేచి వచ్చి, బిషప్ గారి పక్కన నిలబడి కొవ్వొత్తి వెలిగిస్తుంది. పోయినేడు కాకినాడ స్టెల్లా వెలిగించింది. ఆ మంట లూర్దుకుమారి కడుపులో ఇంకా ఆరలేదు. ఈసారి మాత్రం తనదేనని అత్తారింటి వాళ్ళందరికీ చెప్పేసింది, జాకెట్టు కూడా కుట్టించేసింది.

"అమ్మగారూ, మీ బ్యాగులో ఉన్న ఆ డబ్బా చీటీల్లో ఒకటి నాకూ ఇప్పించండి" అంది వీరమ్మ. "నేనూ ఇక్కడే ఆరో క్లాసుదాకా చదివానండి."

"నువ్వేం రాస్తావ్ పాపం. సరే, తీసుకో."

కాగితం ఇవ్వడం కూడా దానమేగా అనుకుంటూ లూర్దుకుమారి కారెక్కింది.

ఈస్టర్ వెళ్ళిన ఆదివారం కాన్వెంటు హాలు పట్టుచీరలతో నిండిపోయింది. బిషప్ గారు వేదిక మీద కూర్చున్నారు. వీరమ్మ ట్రేలో కాజాలు పట్టుకుని వరసల మధ్య తిరుగుతోంది. సిస్టర్ అగాత కళ్ళజోడు సర్దుకున్నారు.

"చీటీలన్నీ చదివానమ్మా. పళ్ళు పంచినవాళ్ళున్నారు, దుప్పట్లు పంచినవాళ్ళున్నారు. కానీ ఈ ఒక్క చీటీ చదివాక నాకు రాత్రి నిద్రపట్టలేదు." చీటీ విప్పారు. "'ఈ తపస్సుకాలంలో నేను నాలుగు శుక్రవారాలు ఒకావిడకి చీర ఇచ్చాను.'"

లూర్దుకుమారి అప్పటికే లేచి నిలబడింది. కుచ్చిళ్ళు సర్దుకుంది. చప్పట్లు మొదలయ్యాయి. స్టెల్లా మొహం ఎలా ఉందో ఓరగా చూసుకుని, కొవ్వొత్తి వైపు రెండడుగులు కూడా వేసింది.

"ఆగమ్మా, ఇంకా ఉంది" అన్నారు సిస్టరు.

వెనక వరసలో వీరమ్మ ట్రే కింద పెట్టి, చేతులు తుడుచుకుని ముందుకి నడిచింది.

సిస్టరు మిగతాది చదివారు. "'నాలుగుసార్లూ ఒకటే చీర. నాలుగుసార్లూ ఆవిడ నా పక్కన ఫోటో తీయించుకుని మరీ ఇంటికి పట్టుకెళ్ళింది.'"