మొదటి అరగంట నీళ్లు

వాన మొదలైన రెండు నిమిషాలకే పాత ఇనుము యార్డు గోడ అవతల ముసలాయన ప్రత్యక్షమయ్యాడు.

గొడుగు లేదు. చేతిలో మూడు గాజు సీసాలు. గోడ కింది నుంచి సముద్రపు పాయలోకి పోయే కాలువ నీళ్లు పట్టుకుంటున్నాడు.

“ఏం తాతా, తాగడానికా?” గోడ మీంచి అరిచింది యార్డు సూపర్‌వైజరు.

“తాగితే ఆ పాపం నీకే చుట్టుకుంటుంది తల్లీ. రంగు చూడు.”

చూసింది. కషాయంలా ఉంది.

బయటివాళ్లను రానివ్వకూడదని మేనేజరు ఆర్డరు. అయినా ఆయన తడిసి ముద్దయ్యాడని లోపలికి పిలిచింది.

“ఈ ఇనుము గుట్టల మీద పేరుకున్న నూనె, తుప్పు, సీసం... అన్నీ మొదటి అరగంట వానకే కడుక్కొస్తాయి,” అన్నాడు. “ అప్పుడు కాలువ షట్టరు దించేసి ఆ నీళ్లు గుంటలోకి మళ్లించు. కానీ అసలు మందు గుట్టల మీద కప్పు వేయించడమే.”

“పాయలో ఏముందని నీకింత తాపత్రయం?”

“ఆల్చిప్పలు. నోరులేని జీవాలు. వచ్చిందల్లా తాగేస్తాయి.”

ఆ రోజు నుంచి వాన పడితే చాలు, ఆమె పరుగెత్తి షట్టరు దించేది. కప్పు వేయించమని మేనేజరుకు మూడు ఉత్తరాలు రాసింది.

“వేయిద్దాం, వేయిద్దాం,” అనేవాడు.

ఒక ఆదివారం, ఆమె సెలవులో ఉండగా, కుండపోత వాన. పదిరోజులు తిరక్కుండా కాలుష్య శాఖవాళ్లు వచ్చి గేటుకు సీలు వేశారు. అరవై మంది రోడ్డున పడ్డారు.

“నువ్వు నెత్తినెక్కించుకున్న ముసలాడే ఫిర్యాదు చేసి కొంప ముంచాడు,” అన్నాడు మేనేజరు.

ఆమె నేరుగా ఆయన రోజూ బస్సెక్కే బస్టాపుకు వెళ్లింది. ముసలాయన అక్కడే ఉన్నాడు.

“సొంత మనిషివనుకున్నాను తాతా. తడిగుడ్డతో గొంతు కోశావు!”

ఆయన బిత్తరపోయాడు. “ఆదివారం ఆ షట్టరు...”

“ఇంకొక్క మాట మాట్లాడకు!”

బస్టాపులో అందరూ చూస్తున్నారు. ఆయన తల వంచుకుని, వచ్చిన బస్సు కూడా ఎక్కకుండా నడుచుకుంటూ వెళ్లిపోయాడు.

నెలకు ఆమెను విచారణకు పిలిచారు.

“ఫిర్యాదా? ఎవరూ చేయలేదే,” అన్నాడు అధికారి. “పాయలో నీళ్లు పరీక్షించే మావాళ్లే పట్టుకున్నారు. మీ మేనేజరు ఏమన్నారో చదవండి.”

‘గుట్టల మీద కప్పు కావాలని సూపర్‌వైజరు ఎప్పుడూ చెప్పలేదు. ఆదివారం షట్టరు తెరిచి ఉండటం పూర్తిగా సూపర్‌వైజరు నిర్లక్ష్యం.’

కింద సంతకం. పదకొండేళ్లుగా ఆమె సెలవు చీటీల మీద చూస్తున్న సంతకమే. ఆమె రాసిన మూడు ఉత్తరాల్లో ఒక్కటీ ఆ ఫైల్లో లేదు.

ఆమె ఫైలు మళ్లీ మొదటి నుంచి తిరగేసింది.

“మేం నమ్మేవాళ్లమే. ఈ ఉత్తరం రాకపోతే,” అంటూ అధికారి ఇంకో కాగితం అందించాడు.

‘ఆమె డ్యూటీలో ఉన్న తొమ్మిది వానల్లోనూ మొదటి నీళ్లు పాయలోకి రాలేదు. పరీక్ష కాగితాలు జత చేశాను. ఆదివారం గుంట నిండి యార్డులో నీళ్లు నిలిస్తే, లారీలు తిరగలేవని షట్టరు ఎత్తించింది మేనేజరే. గోడ అవతల నిలబడి చూశాను. ఆమె ఉద్యోగం తీయకండి. యార్డు శాశ్వతంగా మూయకండి, కప్పు వేయించండి. అరవై ఇళ్లలో పొయ్యి ఆరిపోతుంది.’

తేదీ చూసింది. బస్టాపులో ఆయన్ని తిట్టిన మర్నాడు.

“కప్పు వేయగానే తెరవమని రాస్తున్నాం,” అన్నాడు అధికారి.

“ఆ తాత... ఎక్కడుంటారండీ?”

“ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయారు. ఎక్కడికో ఎవరికీ చెప్పలేదు.”

“మీ శాఖలో చేసేవారా?”

“కాదమ్మా. మీ కాలువ పాయలో కలిసేచోట ముప్పై ఏళ్లు ఆల్చిప్పలు పెంచారాయన. మూడేళ్ల కిందట మీ యార్డు నీళ్లకు ఒక్క వానలో ఒక్కటీ మిగలకుండా చచ్చిపోయాయి.”